దారం చుట్టే కొలువు

మా అత్తమ్మ నోటి వల్లే సంతోషి కొలువు పోయిందని మా చుట్టాలు ఇప్పటికీ అంటారు. అలా అన్నవాళ్లకు నా ఇంట్లో చాయ్ కూడా పోయను. ఒక పెళ్లిలో మా ఆడబిడ్డ నలుగురి ముందు "నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊకెనే అనలే" అంటూ మొదలుపెట్టబోతే, తింటున్న విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. తప్పు ఎవరిదో నేను చెప్తాను. విన్నాక మీరే తేల్చుకోండి.

సకల జనుల సమ్మె జరిగిన ఏడు అది. కొత్తపేటలో రామమోహనరావు సారు ఇంట్లో కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన భిక్షపతి దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు. నేను ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మాది చౌటుప్పల్ పక్కన పల్లె. సాలోళ్లం. మగ్గం కూడు పెట్టదని తేలిపోయాక పట్నం వచ్చి పడ్డాం. మా అత్తమ్మ అండాలమ్మ మాతోనే ఉండేది. ఆమెకు నోరు ఊరుకోదు. పాట అయిపోతే మాట, మాట అయిపోతే మళ్లీ పాట. వంకాయల కోసం రైతుబజారుకు పోయిన మనిషి అక్కడ కొత్త చుట్టరికం ఒకటి కలుపుకుని గానీ తిరిగి వచ్చేది కాదు.

సంతోషి మాకు ఒక్కతే బిడ్డ. పాలిటెక్నిక్ చదివింది. బాలాపూర్ అవతల ఎత్తైన గోడ కట్టుకుని క్షిపణులు తయారుచేసే ల్యాబు ఒకటుంది. అందులో టెక్నీషియన్ పోస్టులు పడితే పరీక్ష రాసింది. రాత పరీక్ష పాసైంది, మిషను దగ్గర నిలబెట్టి పెట్టిన పని పరీక్ష కూడా పాసైంది. సరిగ్గా బస్సులు ఆగిపోయిన వారంలోనే ఉద్యోగం కాగితం చేతికొచ్చింది. దసరా అయ్యాక చేరాలి, పోలీసు విచారణ పూర్తయితే. ఆ చివరి మాటను మేమెవ్వరం పట్టించుకోలేదు. మా ఇంట్లో పోలీసులు విచారించడానికి ఏముందని?

"రాకెట్ల కొలువా? గాడ నువ్వేం జేస్తవే?" అని అత్తమ్మ అడిగింది.

"దారం చుట్టాలె నానమ్మా. నల్లటి దారం ఉంటది. జిగురుల ముంచి, తిరిగే అచ్చు మీద బిగువు తప్పకుంట చుట్టాలె. ఎండినంక ఉక్కుకంటె గట్టిగైతది, బరువు మాత్రం ఉండది. రాకెట్టు ఒంటికి అదే తొడుగు."

అత్తమ్మ పకపకా నవ్వింది. "ఓసి నీ తెలివి సల్లగుండ! కండెలు చుట్టుడే గద! గీ పని ఇడిసిపెట్టి పట్నమొస్తిమి, అదే పని సర్కారు కొలువై మనింటికొచ్చె!"

మేడ మీద ఉండే రామమోహనరావు సారు ఆ ల్యాబులోనే పని చేసి రిటైరైన మనిషి. కృష్ణా జిల్లా వాళ్లు. ఇంటర్వ్యూకు ముందు సంతోషిని కూర్చోబెట్టి పాఠం చెప్పింది ఆయనే. ఆ సాయంత్రం స్వీటు తీసుకుని పైకి పోయాం. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదండీ అండాలమ్మగారూ. మన సైన్యం దగ్గరున్న ట్యాంకులు పాతవి, విమానాలు పాతవి, సగం బయటి దేశంవాడి దగ్గర కొన్నవే. రేపు యుద్ధమొచ్చి వాడు మేకు కూడా ఇవ్వనంటే మన గతేంటి? అందుకే అన్నీ మనమే చేసుకోవాలని ప్లాను వేసుకున్నాం. ఏళ్ల తరబడి సాగే ప్లాను. పాతవి తీసేస్తూ, కొత్తవి పెట్టుకుంటూ పోవాలి."

"ఎన్నేండ్లాయె మొదలుపెట్టి?"

"నేను జాయినైన కొత్తలో మొదలైందండీ."

"నువ్వు రిటైరయి కూసున్నవు గద సారూ! ఇంకా అయిపోలేదా?"

సారు నవ్వాడు. ఒక ఇంజను కోసం ఇరవై ఏళ్లకు పైగా తిప్పలు పడ్డారట. ఎన్నిసార్లు గడువు పెట్టుకున్నారో అన్నిసార్లూ పొడిగించారట. ఒకసారి ఎగరేసిన రాకెట్టు లేచినంతసేపు కూడా పట్టకుండానే సముద్రంలో పడిపోయిందట. కమిటీ వేసి, లోపం కనుక్కుని, మళ్లీ పైసలిచ్చి మళ్లీ చేయమన్నారట.

"మగ్గం మీది చీరెకు గన్నేండ్లు పెడితే షావుకారి మమ్ముల బతకనిస్తుండెనా?" అంది అత్తమ్మ.

"దేశానికి ఓపిక ఉండాలండీ. ఓపిక లేకపోతే ఏ ప్లానూ పూర్తవదు" అన్నాడు సారు.

ఆయన భార్య కోటేశ్వరమ్మ ఆంటీ మాత్రం ఆ రోజుల్లో దిగులుగా ఉండేది. టీవీ పెడితే సమ్మె, కిటికీ తీస్తే ఊరేగింపు. "రాష్ట్రం వచ్చేస్తే మమ్మల్ని పొమ్మంటారేమో యాదలక్ష్మీ" అని నాతో ఆ రోజే అంది. నేను ఏదో చెప్పేలోపే అత్తమ్మ అందుకుంది. "నిన్నెవలు పొమ్మంటరమ్మా? నువ్వు పోతే మేము కిరాయి ఎవలకియ్యాలె? పైసలు పట్టుకోని బెజవాడ దాక రావాల్నా?" ఆంటీకి నవ్వు ఆగలేదు.

మా ఇల్లు అట్లా ఉండేది. ఒక ఇంట్లో రెండు రకాల తెలుగు, రెండు రకాల కోరికలు. అయినా పచ్చడి గిన్నెలు పైకీ కిందికీ తిరుగుతూనే ఉండేవి.

ఆ ఏడు బతుకమ్మను రోడ్డు మీద ఆడాలని బస్తీ ఆడవాళ్లందరూ అనుకున్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో, విజయవాడ పోయే హైవే నడిమిట్ల. రైతుబజారులో ఆకుకూరలమ్మే పెంటమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆమె గొంతు విప్పితే రెండు వీధులు ఆగి వినాల్సిందే.

మేము పొయ్యేసరికే చౌరస్తా నిండిపోయింది. తంగేడు, గునుగు, బంతి, పట్టుకుచ్చులు. అటు లారీలు, ఇటు లారీలు, మధ్యలో ఎక్కడ చూసినా బతుకమ్మలే. లారీ డ్రైవర్లు కూడా కిందికి దిగి చూస్తున్నారు. లాఠీలు పట్టుకున్న పోలీసులు పక్కన నిలబడ్డారే తప్ప ఎవరినీ ఏమీ అనలేదు. పెంటమ్మ అప్పటికప్పుడు కట్టి పాడుతుంటే మేమంతా అందుకున్నాం.

"బస్సులన్ని ఆగె ఉయ్యాలో, బడి గంట మోగదు ఉయ్యాలో
ఢిల్లిలో పెద్దలకు ఉయ్యాలో, చెవులకు తాళమా ఉయ్యాలో"

సంతోషి పసుపు రంగు లంగాఓణీ వేసుకుంది. ఆ పిల్లకు ఉద్యమం మీద నాకంటే ఎక్కువ పట్టింపు ఉండేది. పరీక్షలకు చదువుతున్నప్పుడు కూడా పేపరు తిరగేయకుండా పుస్తకం పట్టేది కాదు. ఆ రోజు చప్పట్లు కొడుతూ వలయంలో తిరుగుతుంటే, నా దిష్టే తగులుతుందేమోనని నేను తల తిప్పుకున్నాను.

అప్పుడే గళ్ల చొక్కా వేసుకున్న ఒకతను భుజం మీద కెమెరా పెట్టుకుని మా వలయం దగ్గరకు వచ్చాడు. ఆ రోజుల్లో కెమెరాలకు ఏం కరువు? ప్రతి ఛానలు వాడూ రోడ్ల మీదే ఉన్నాడు. ధర్నాలో ఒక్కసారైనా టీవీలో పడని మనిషి మా బస్తీలో లేడు, మా అత్తమ్మ తప్ప. ఆమెకు అది పెద్ద లోటు.

"ఏ ఛానలు బిడ్డా?" అని ఎదురు పోయి అడిగింది.

"ఏ ఛానలైతేందమ్మా, చెప్పు. నీ పేరేంది? ఎక్కడికెల్లి ఒచ్చిన్రు?" అన్నాడతను.

ఈ మాటను గుర్తుపెట్టుకోండి. ఛానలు కాదని అతను చెప్పలేదు. ఆమె అడిగినప్పుడు చెప్పలేదు.

"నా పేరు అండాలమ్మ. కొత్తపేట. అగో, పసుపు ఓణీ పిల్ల లేదూ, నా మనుమరాలు సంతోషి. దాన్ని మంచిగ దియ్యి, దగ్గరికెల్లి దియ్యి. ఓ సంతోషీ, ఇటు రాయే! గీ పిల్లకు బాలాపూర్ కాడ రాకెట్ల కొలువు దొరికింది బిడ్డా. రాకెట్లకు దారం చుడ్తది. సాలోళ్ల పిల్ల! తెలంగాణ ఆడపిల్లలు ఉత్తగ లేరని జెప్పు మీ టీవీల. దేశానికి రాకెట్లు జేస్తరు, తెలంగాణకు బతుకమ్మ ఆడ్తరు!"

"చాలు నానమ్మా" అని సంతోషి సిగ్గుపడి ఆమె చెయ్యి లాగింది. చుట్టూ ఉన్నవాళ్లం అందరం నవ్వాం. గళ్ల చొక్కా అతను కూడా నవ్వాడు. కెమెరా మాత్రం సంతోషి ముఖం మీద నుంచి తియ్యలేదు.

ఇంటికి రాగానే అత్తమ్మ టీవీ ముందు కూర్చుంది. సింగరేణి బొగ్గు ఆగిపోయి కరెంటు కోతలు మొదలైన రోజులవి. కరెంటు ఉన్నంతసేపు ఛానళ్లు మార్చిందే మార్చింది. ఎల్బీనగర్ చౌరస్తా ప్రతి ఛానల్లో వచ్చింది. పెంటమ్మ వచ్చింది, లారీలు వచ్చాయి, ఎవరిదో మేకపిల్ల కూడా వచ్చింది. మేము రాలేదు. "గింత మంచిగ చెప్తి గదనే, ఆ సచ్చినోడు ఎక్కడ పారేసిండు?" అని ఆ గళ్ల చొక్కాను తిట్టి పోసింది. మర్నాడు కూడా చూసింది.

దసరా వెళ్లాక పోలీసు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ఉద్యోగం విచారణ, పిల్లను తీసుకుని రమ్మన్నారు. మా ఆయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. మంచి జరగబోయే చోటికి పోతున్నామని అత్తమ్మ కూడా కొత్త చీర కట్టుకుని వెంట వచ్చింది.

ఎస్సై మా నల్లగొండ జిల్లావాడే. ఊరు, పేరు, కులం అన్నీ మర్యాదగానే అడిగాడు. చాయ్ కూడా తెప్పించాడు. తర్వాత బల్ల మీది కంప్యూటరును మా వైపు తిప్పాడు.

అందులో మా అత్తమ్మ కనబడింది. "దాన్ని మంచిగ దియ్యి, దగ్గరికెల్లి దియ్యి" అంటోంది. పక్కన పసుపు ఓణీలో సంతోషి సిగ్గుపడుతోంది.

"మస్తు మాట్లాడినవవ్వా" అన్నాడు ఎస్సై. "మా వీడియో కానిస్టేబుల్‌కు పని సులువు జేసినవ్. హైవే బంద్ పెట్టిన్రని కేసు బుక్ చెయ్యాలె, పైకెల్లి ఒత్తిడి. అన్ని వందల మంది ఆడోళ్లల్ల పేరు, బస్తీ, కొలువు అన్ని తెల్సిన పిల్ల ఇదొక్కతే. ఇగ ఎఫ్ఐఆర్ల దీని పేరే మొదలొచ్చింది, తక్కినోళ్లు 'ఇతరులు' అని."

నా ఒళ్లు భగ్గుమంది. "పండుగ ఆడితే కేసేంది సార్? మీరు పక్కనే నిలవడి చూస్తిరి గద! లేవుండ్రి అని ఒక్కలన్న అంటిరా?"

"చట్టం చట్టమేనమ్మా."

"టీవీవోడని అబద్ధమాడి పేరడుగుడు గూడ చట్టమేనా?"

"టీవీ అని వాడనలే. వీడియోల ఉన్నది, కావాల్నంటె మళ్ల ఇను."

అంటూనే అతను ఒక తెల్ల కాగితం తీసి సంతోషి ముందు పెట్టాడు. గొంతు తగ్గించాడు. "చూడు బిడ్డా, మా జిల్లా పిల్లవు, నీ బతుకు ఖరాబు జెయ్యాలని నాకు లేదు. నాకు పోవుడు ఇష్టం లేకుండె, పెంటమ్మ అనేటామె బెదిరించి గుంజుకపోయింది అని రాసియ్యి. నీ పేరు తీసేసి సాక్షి కింద పెడ్త. విచారణ క్లియర్. రేపే జాయినైపో."

అత్తమ్మ అప్పటిదాకా కంప్యూటరునే చూస్తోంది. ఒక్కసారిగా లేచి ఎస్సై చెయ్యి పట్టుకుంది. "నా పేరు రాయి కొడుకా. నేనే గుంజుకపోయిన. నేనే చెప్పిన గద అందులో, ఇనవడ్తలేదా? నన్నేసుకో జైల్ల."

"నిన్నేసుకోని ఏం జెయ్యాలె అవ్వా" అని చెయ్యి విడిపించుకున్నాడు ఎస్సై. గదిలో కానిస్టేబుళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

సంతోషి కాగితాన్ని చూసింది. పెంటమ్మకు ముగ్గురు పిల్లలు, మొగుడు లేడు. రైతుబజారులో ఆకుకూరల గంప తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి ఆ గదిలో మా నలుగురికీ తెలుసు. అయినా, రాస్తే బాగుండునని నాకు ఒక్క క్షణం అనిపించలేదంటే అది అబద్ధమవుతుంది. కన్నతల్లిని నేను. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"పెంటమ్మత్త నన్ను గుంజుకపోలే సార్" అంది సంతోషి. "నేనే పోయిన. పాట గూడ పాడిన." కాగితాన్ని అతని వైపు జరిపి చున్నీ సర్దుకుంది.

"నీ ఇష్టం" అని ఎస్సై కంప్యూటరు తిప్పేసుకున్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊరికే అనలేదు. పరీక్ష పెట్టినవాళ్లు పనికొస్తుందన్నారు, పని చేయించి చూసినవాళ్లు పనికొస్తుందన్నారు. స్టేషన్ నుంచి పోయిన కాగితం పనికిరాదంది.

రామమోహనరావు సారుకు చెప్పాం. ఆయన తన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్న ఒకాయనకు మా ముందే ఫోను చేశాడు. చాలాసేపు "అవునండీ, అవునండీ" అన్నాడు. పెట్టేసి మా వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఆ సీట్లో ఎవరున్నా అంతేనమ్మా. రక్షణ శాఖ కదా. కేసు ఉందంటే తీసుకోరు. కోర్టులో కొట్టేసేదాకా ఆగమంటే ఆగరు, గడువులోగా చేరకపోతే తర్వాతి వాళ్లని పిలుస్తారు. దేశ భద్రతండీ. రూలు."

ఎన్నాళ్ల నుంచి కడుపులో ఉందో, అప్పుడు బయటికి వచ్చేసింది నాకు.

"మీరే అన్నరు గద సార్. ఇంజను కుదరకపోతె గడువు పెంచిన్రు. మళ్ల కుదరకపోతె మళ్ల పెంచిన్రు. రాకెట్టు సముద్రంల వడ్తె కమిటీ ఏసిన్రు, పైసలిచ్చిన్రు, మళ్ల జెయ్యమన్నరు. దేశానికి ఓపిక ఉండాలె అన్నరు. ఇనుముకు ఉన్న ఓపిక మనిషికి లేదా సార్? నా బిడ్డ ఒక్క పొద్దు రోడ్డు మీద బతుకమ్మ ఆడితే కూలిపోయే భద్రత, అదేం భద్రత సార్?"

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న కోటేశ్వరమ్మ ఆంటీ కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"మరి మీరు జై ఆంధ్ర అప్పుడు తెనాలిలో రైలుకి అడ్డంగా పడుకోలేదుటండీ? జైల్లో కూడా పెట్టారని మా పెళ్లిచూపుల్లో మావయ్యగారు అంత గొప్పగా చెప్పారు! మరి మీకెలా ఇచ్చారు ఉద్యోగం?"

సారు ముఖం కందిపోయింది. "అప్పుడు వేరే."

"ఏం వేరే?"

"అప్పుడు విచారణ అంటే ఊళ్లో మునసబుని అడిగేవాళ్లు" అన్నాడు. "మా మునసబు నాకు మేనమామ వరస. కుర్రాడు బుద్ధిమంతుడని చెప్పాడు. అంతే."

ఆయన అబద్ధమాడి తప్పించుకుని ఉండొచ్చు. ఆడలేదు. అందుకు ఆయన మీద నాకు కోపం సగం పోయింది, మిగతా సగం అలాగే ఉంది. మర్నాడు ఆటో కట్టించుకుని స్వయంగా ల్యాబుకు పోయి వచ్చాడు. రిటైరైన మనిషివి, పాసు లేదు కదా అని లోపలికి పోనివ్వలేదట. జీవితమంతా పని చేసిన చోట రిసెప్షన్‌లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపేశారట. అదే చెప్పి తలుపు వేసుకున్నాడు.

సమ్మె ఆగిపోయింది. చేతికి ఏమొచ్చిందని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. మా ఆయన ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని డ్యూటీకి తయారవుతున్న పొద్దుననే సంతోషి ఎంపిక రద్దయిందని కబురొచ్చింది. ఆయన బూట్లు తొడుక్కుంటూ ఆగిపోయాడు.

"బస్సులు ఆపినోన్ని నేను. నన్ను మళ్ల స్టీరింగు కాడ కూసోబెడ్తున్రు. పాట పాడిన పిల్లను మాత్రం..." అని మాట పూర్తి చేయకుండా బయటికి పోయాడు. ఆ రోజు అన్నం డబ్బా మరిచిపోయి పోయాడు.

అత్తమ్మ సంగతి చెప్పాలి. స్టేషన్ నుంచి వచ్చిన రోజు నుంచి ఆమె మాట్లాడటం మానేసింది. అడిగితే ఊ అనేది, లేదంటే తల ఊపేది. రైతుబజారుకు పొమ్మంటే పోయేది కాదు. టీవీ పెడితే లోపలి గదిలోకి పోయేది. కొత్త మనుషులెవరైనా గుమ్మం ముందుకు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సంతోషి ఆమె పక్కన కూర్చుని, "నువ్వేం తప్పు చేసినవ్ నానమ్మా? నన్ను జూసి మురిసినవ్, అంతే గద" అని ఎన్ని విధాల చెప్పినా ఆ కళ్లలో నీళ్లే గానీ నోట మాట రాలేదు. మనవరాలి గురించి నలుగురికి చెప్పుకోవడం కూడా నేరం చేసిన ఆ పెద్దమనుషుల కడుపు కాల! ఆమె పాట లేక మా ఇల్లు బావురుమంది.

దీపావళి వెళ్లాక ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు సీతారాములు. మా జిల్లావాడే. ల్యాబుకు మనుషులను పెట్టే కాంట్రాక్టరు. అతన్ని చూడగానే అత్తమ్మ లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

"పని పరీక్షల నీ చెయ్యి మస్తున్నదని షెడ్డుల చెప్పుకుంటున్రు బిడ్డా" అన్నాడు సంతోషితో. "గాడ పని ఆగిపోతున్నది. కొత్త దశ మొదలైంది, ఢిల్లీకెల్లి ఒత్తిడి. పర్మనెంటోళ్లు చాలుతలేరు. నా కింద ఒస్తవా? పుస్తకంల హౌస్ కీపింగ్ అని ఉంటది. నువ్వు చీపురు పట్టేది లేదు. దారం చుట్టుడే."

"అదే షెడ్డా సార్?" అని అడిగింది సంతోషి.

"అదే."

"అదే మిషనా?"

"అదే మిషను. నువ్వు పరీక్షిచ్చిన మిషనే."

"మరి నా మీద కేసున్నది. పోలీసు విచారణ?"

సీతారాములు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. ఏమీ తెలియని చిన్నపిల్లను చూసి నవ్వినట్టు నవ్వాడు. "కూలోళ్లకు గవన్ని ఎందుకు బిడ్డా? నా పూచీ సాలు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కత్తెర బల్ల మీద విసిరికొట్టాను. "అంటే ఏంది సార్? కుర్చీ ఏసి కూసోబెడ్తె నా బిడ్డ దేశానికి ముప్పు. చీపురు పేరు జెప్పి నిలవెడ్తె ముప్పు లేదా? అదే చెయ్యి, అదే దారం, అదే రాకెట్టు! లేవుండ్రి, మా ఇంట్లకెల్లి లేవుండ్రి!"

పాపం, అతను లేచి నిలబడ్డాడు. "నా మీద కోపమెందుకమ్మా? నేను జేసిన రూలా?"

"ఎప్పుడు రావాలె సార్?" అంది సంతోషి.

నేను ఆమె వైపు తిరిగాను. "సంతోషీ! నీకు సిగ్గులేదా? ఒద్దన్నోళ్ల గడపకే పోతవా?"

"పని నాకొచ్చమ్మా" అంది. తల దించలేదు. "పని ఏం తప్పు జేసింది? ఇంట్ల కూసుంటె వాళ్లకేం పోతది? నా చెయ్యే మొద్దువారుతది."

పోనిచ్చాను. ఏం చెయ్యను? మొదటి రోజు నేనే వెంట పోయాను. ఆ గోడ పక్కన నడుస్తుంటే అంతు కనబడదు. పెద్ద గేటు ముందు బొకేలు పట్టుకుని, కొత్త బట్టలు వేసుకుని కొందరు పిల్లలు నిలబడి ఉన్నారు. సంతోషితో పాటు ఎంపికైనవాళ్లు, సమ్మె వల్ల చేరడం ఇన్నాళ్లు వెనక్కి జరిగిందట. అందులో ఒక పిల్ల సంతోషిని గుర్తుపట్టి చెయ్యి ఊపబోయి, మా దారి ఎటో చూసి చెయ్యి దించేసుకుంది. కాంట్రాక్టు వాళ్ల గేటు గోడ చివర, చెత్త బండ్లు పోయే వైపు ఉంది.

అక్కడ సెంట్రీ సంతోషి సంచిలో చెయ్యి పెట్టి చూశాడు. అన్నం డబ్బా మూత తీయించాడు. ఫోను తీసి గూట్లో పెట్టాడు. ఒక ఇత్తడి బిళ్ల ఆమె చేతిలో వేసి లోపలికి పొమ్మని తల ఊపాడు. సంతోషి వెనక్కి తిరిగి ఒకసారి నన్ను చూసి పోయింది.

"అయ్యా, పిల్ల పేరడగవా?" అన్నాను అతనితో.

"కాంట్రాక్టోళ్ల పేర్లు మాకెందుకమ్మా?" అన్నాడు అతను, నా వెనకాల వస్తున్న వాళ్లకు బిళ్లలు అందిస్తూనే. "పొద్దుగాల ఎందరు పోయిన్రో మాపటికి అందరొస్తే అయిపాయె."

నేను గేటు పక్కకు జరిగి నిలబడి, ఆ గోడ కట్టినవాళ్లను, ఆ ప్లాను రాసినవాళ్లను, ఆ రూలు పెట్టినవాళ్లను నోరారా తిట్టాను. మా అత్తమ్మ బదులు కూడా నేనే తిట్టాను. ఏమని తిట్టానో ఇక్కడ రాస్తే ఎవరూ అచ్చు వెయ్యరు.